అక్షింతల పురుగుల సారె

మా అత్త రంగనాయకమ్మకి పురుగు కనపడితే చెయ్యి ఆగదు, ఏరి డబ్బాలో వేస్తుంది. మా ఆయన ఆంజనేయులుకి పురుగు కనపడితే కాలు ఆగదు, వసారాలో మేకుకి తగిలించిన మందు ట్యాంకు దగ్గరికి పోతుంది. ఇట్లాంటి తల్లీకొడుకుల మధ్య కాపురం చేస్తూ, మందు కొట్టకుండా ఎకరం టమాటా పండిద్దామని పట్టుబట్టిన తెలివిగలదాన్ని నేను. ఆ చలికాలం తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

మాది రెంటచింతల పక్కన చిన్న ఊరు. అంతకుముందు ఏడాది మిరపతోటలో మందు కొడుతూ కొడుతూ మా ఆయన సాలు మధ్యలోనే కూలబడ్డాడు. పక్క చేను దేవదాసు చూసి, భుజాన వేసుకుని రోడ్డు మీదికి తెచ్చి, ఆటో ఎక్కించి మాచర్ల తీసుకుపోయాడు. అక్కడ వాళ్ళు నరసరావుపేట పొమ్మన్నారు. ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు నన్ను పక్కకి పిలిచి, ఇంకొకసారి ఈ మందు ఒంట్లోకి పోతే తీసుకొచ్చినా లాభం ఉండదమ్మా అని చెప్పాడు. మనిషి తిరిగొచ్చాడు గానీ కుడి చేతికి వణుకు పట్టుకుంది. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేవాడు. పట్టుకుని, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసేవాడు.

కూలీని పెట్టి కొట్టించొచ్చు గదా అని చాలామంది అన్నారు. పదహారేళ్ళ కాపురం నాది. మందు కలపడం ఇంకొకడి చేతిలో పెట్టే మనిషి కాదు ఆయన. గట్టు మీద నిలబడి చూస్తానని వెళ్తాడు, పావుగంటలో ట్యాంకు వీపుకి తగిలించుకుంటాడు. ఆ ట్యాంకుని ఎవరికైనా ఇచ్చేద్దామంటే వారం రోజులు నాతో మాట్లాడలేదు. అందుకని అసలు మందు అవసరం లేని సేద్యం ఏదైనా ఉందా అని రైతు సేవా కేంద్రంలో పనిచేసే ఫరాని అడిగాను.

ఫరాది మాచర్ల. పాతికేళ్ళు కూడా ఉండవు. స్కూటీ మీద రోజూ వస్తుంది. ఆ పిల్ల మా చేనంతా తిరిగి చూసి, గట్టు చుట్టూ జొన్న, దాని లోపల రెండు వరసలు అలసంద, మధ్యలో టమాటా వేయమంది. పేనుబంక ముందు అలసంద మీద వాలుతుందట. దాన్ని తినడానికి అక్షింతల పురుగులు వస్తాయట. అవి అక్కడే గుడ్లు పెట్టి పిల్లల్ని చేసి, తర్వాత టమాటా మీదికి దిగి, అక్కడున్న పేనునీ తెల్లదోమ గుడ్లనీ తిని పెడతాయట. ఇదంతా విని మా ఆయన ఒక్క మాట అడిగాడు, అవి రాకపోతే ఏంది అని.

"వస్తాయి అన్నా. కానీ ముందు పేను వస్తుంది, తర్వాత అవి వస్తాయి. మధ్యలో ఇరవై రోజులు చూడబుద్ధి కాదు. ఆ ఇరవై రోజులు మీరు ఓపిక పట్టాలి" అంది ఫరా.

ఆయన సరేనన్నాడు. అలసంద దాటి టమాటా మీదికి పేను వస్తే మాత్రం ట్యాంకు దించుతానని, అప్పుడు నేను అడ్డం రాకూడదని మాట తీసుకున్నాడు. మాట ఇచ్చాను. అంతకంటే చేసేది కూడా లేదు.

కార్తీకంలో నారు నాటాం. మార్గశిరం వచ్చేసరికి ఫరా చెప్పినట్టే అలసంద కొసలన్నీ నల్లగా పేనుతో నిండిపోయాయి. ఆకులు ముడుచుకున్నాయి, చేత్తో తాకితే జిగురు. ఆయన పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చేనుకి వెళ్ళి చూసేవాడు. వచ్చి వసారాలో ట్యాంకు కింద మంచం వేసుకుని పడుకునేవాడు. దేవదాసు మా అలసందని గట్టు మీద నుంచి చూసి, పురుగుల్ని మేపుతున్నావంట గదా అమ్మాయ్, పాలెన్ని ఇస్తన్నయ్యి అని ఎగతాళి చేశాడు. ప్రాణం నిలబెట్టిన మనిషి కాబట్టి ఊరుకున్నాను. లేకపోతే నా నోరు ఆయనకి తెలుసు.

పేను కనపడిన పన్నెండో రోజున మా అత్త అలసంద ఆకు మీద మొదటి అక్షింతల పురుగుని చూసింది. ఎర్రటి వీపు, నల్ల చుక్కలు. వేలు చాపితే ఎక్కింది. గోరు దాకా నడిచి రెక్కలు విప్పి ఎగిరిపోయింది. చిన్నప్పుడు పుట్టింట్లో జొన్నచేల నిండా ఇవే ఉండేవనీ, వాళ్ళమ్మ వీటిని తొక్కనిచ్చేది కాదనీ చెప్పింది. మర్నాటికి పది కనిపించాయి. రెండు రోజులకి లెక్కపెట్టడం మానేశాం. మా ఆయన మంచం ట్యాంకు కింద నుంచి రెండు అడుగులు జరిగింది. నేను ఊపిరి పీల్చుకుని, రాజుపాలెంలో మా పిన్ని కూతురి పెళ్ళికి నాలుగు రోజులు వెళ్ళాను. పోతూ పోతూ మా అత్తకి ఒకటే చెప్పాను, ఏం జరిగినా సరే ఆయన్ని మందు కొట్టనివ్వొద్దని.

మా అత్త ఆ మాటని నేను అనుకున్నదానికంటే గట్టిగా పట్టుకుంది.

నేను తిరిగొచ్చేసరికి ఆమె వాకిట్లో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. పక్కన పాలడబ్బా, దాంట్లో సగం దాకా కిరసనాయిలు నీళ్ళు. పత్తికి పచ్చపురుగు పట్టిన రోజుల్లో పొద్దు పొడవకముందే చేలో దిగి పురుగులు ఏరిన చెయ్యి అది. ఆకు తిప్పకుండానే కింద పురుగుందో లేదో చెప్పగలదు. ఊళ్ళో ఆ పనిలో ఆమెని మించినవాళ్ళు లేరని ఇప్పటికీ చెప్పుకుంటారు.

"నాలుగు రోజులూ నడుం ఎత్తలేదే. ఒక్కటి మిగల్చలా" అని డబ్బా నా ముందు పెట్టింది. మొహం వెలిగిపోతోంది.

చూస్తే నల్లటి పురుగులు. ఒంటినిండా ముళ్ళు, వీపు మీద అక్కడక్కడా నారింజ మచ్చలు. బియ్యపు గింజ కంటే కాస్త పెద్దవి. ఇంత అసహ్యమైన పురుగు అలసందకి పట్టిందా, అమ్మయ్య పోయింది అనుకున్నాను. ఆ రాత్రి మా అత్తకి నేనే వేణ్ణీళ్ళు కాచి నడుముకి పోశాను కూడా.

మర్నాడు పొద్దున ఫరా వచ్చింది. చేనంతా చూసి వచ్చి, పిల్లలు ఒక్కటీ కనపడటం లేదేంటక్కా, గుడ్లు పెట్టి వారం దాటింది గదా అంది. మా అత్త లోపలికి వెళ్ళి డబ్బా తెచ్చి చూపించింది. ఫరా డబ్బాలోకి చూసింది. తర్వాత ఫోను తీసి ఒక బొమ్మ చూపించింది.

"ఇవే మామ్మా. అక్షింతల పురుగు పిల్లలు చిన్నప్పుడు ఇట్లాగే ఉంటాయి. పెద్దవాటికంటే ఇవే ఎక్కువ తింటాయి."

మా అత్త ఫోను ముక్కు దాకా తెచ్చుకుని చూసింది. "అయ్యి ఎర్రంగా గుండ్రంగా ఉంటయ్యి గదమ్మాయ్. ఇయ్యి అయ్యెట్టా అయితయ్యి?" అంది. ఫరా గుడ్డు దగ్గర నుంచి ఒక్కొక్క బొమ్మే జరిపి చూపించింది. పసుపు పచ్చని గుడ్ల గుత్తి, ఈ ముళ్ళ పురుగు, ఆకుకి అంటుకున్న గూడు, చివర్లో ఎర్రటి వీపు. మా అత్త నాలుగు బొమ్మలూ మళ్ళీ మొదటినుంచీ చూపించమంది. చూసి ఫోను తిరిగిచ్చింది. పెద్దవి ఎట్లాగూ ఒకచోట నిలవవు, గుడ్లు పెట్టేసి ఎగిరిపోతున్నాయని, టమాటాలో అప్పుడే నాలుగైదు సాళ్ళకి పేను ఎక్కిందని ఫరా మెల్లగా చెప్పింది.

మా ఆయన లేచి, మేకు మీద నుంచి ట్యాంకు దించి, వాకిట్లో పెట్టి కడగడం మొదలుపెట్టాడు. చెయ్యి వణికి మూత రెండుసార్లు జారిపడింది. ఆ చప్పుడు విని నాకు ఒళ్ళు తెలియలేదు. మా అత్త వైపు తిరిగి అనకూడని మాట అన్నాను.

"నీ చేత్తో నువ్వే నీ కొడుక్కి మళ్ళీ ట్యాంకు తగిలించావు అత్తా."

ఆమె నా వైపు చూసింది. పదహారేళ్ళలో మా అత్త నాకు బదులు చెప్పకుండా ఊరుకోవడం అదే మొదటిసారి. డబ్బా తీసుకుని దొడ్లోకి వెళ్ళిపోయింది.

ఆయన మందు తెచ్చుకోవడానికి ఊళ్ళోకి వెళ్ళినప్పుడు నేను ట్యాంకు గొట్టం కొసన ఉండే నాజిల్ విప్పి, కవర్లో చుట్టి, ట్రంకు పెట్టెలో నా పెళ్ళి చీర కింద దాచాను. మాట ఇచ్చిన మాట నిజమే. అడ్డం రానన్నాను గానీ నాజిల్ దాచనని అనలేదు. ఆయన తిరిగొచ్చి చూసుకున్నాడు. ఇల్లంతా వెతికాడు. నన్ను మాత్రం అడగలేదు. మాచర్ల పోయి కొత్తది తెచ్చి ఎల్లుండి కొడతానని గోడకి చెప్పి పడుకున్నాడు.

తెల్లారేసరికి మా అత్త ఇంట్లో లేదు.

ఫోను గూట్లోనే ఉంది. దొడ్లో చూశాం, చేలో చూశాం. బావి దగ్గరికి ఆయన ఎందుకు పరిగెత్తాడో నాకు తెలుసు, నేనూ వెనకే పరిగెత్తాను. చివరికి దేవదాసు ఎదురొచ్చి, రంగమ్మక్క మొదటి బస్సుకి మాచర్ల వైపు పోయిందని, చేతిలో వెదురు బుట్ట ఉందని చెప్పాడు. మా ఆయన గట్టు మీద కూర్చుండిపోయాడు. మాచర్ల అవతల వెల్దుర్తి. వెల్దుర్తి పక్కన ఆమె పుట్టిల్లు. ఆ ఇంటి గడప ఆమె తొక్కి పదకొండేళ్ళయింది. పంచాయతీ ఎన్నికల్లో మా మామది ఒక జెండా, ఆమె తమ్ముడు వీరయ్యది ఇంకొక జెండా. ఆ పట్టుదలలో మా మామ పోయినప్పుడు కూడా వీరయ్య రాలేదు. బతికుండగా ఆ గడప తొక్కనని మా అత్త అందరి ముందూ అంది, అన్నట్టే ఉంది. అట్లాంటిది నా మాటకి మనసు విరిగి అక్కడికి పోయిందంటే ఇక తిరిగి రాదనుకున్నాను. ఆ రోజు అన్నం వండాను గానీ ఎవరూ తినలేదు.

మర్నాడు మధ్యాహ్నం మాచర్ల బస్సు దిగింది. నెత్తిన వెదురు బుట్ట, దాని మీద తడి గుడ్డ కప్పి ఉంది. రోడ్డు మీద ఉన్న ఆడవాళ్ళు చూడనే చూశారు. పదకొండేళ్ళకి పుట్టింటికి పోయొచ్చింది, బుట్టతో వచ్చింది. ఏం వదినా, సారె తెచ్చావా, చలిమిడా అరిసెలా అని అడిగారు. తెచ్చా, ఇంకాసేపట్లో పంచుతా అని చెప్పి గబగబా చేనుకి నడిచింది. మేమిద్దరం వెనకే వెళ్ళాం.

గట్టు మీద బుట్ట దించి గుడ్డ తీసింది. నిండా అనుము కొసలు, జొన్న ఆకులు. వాటి మీద ముళ్ళ పురుగులు, నల్లగా, నారింజ మచ్చలతో. వందలు ఉంటాయి. మధ్యమధ్యలో ఎర్ర వీపులు.

తమ్ముడి వాకిట్లో నిలబడి, కూర్చోమంటే కూర్చోకుండా, నీ చేలో అక్షింతల పురుగులు ఉన్నయ్యా అని అడిగిందట. వీరయ్యది మెట్ట. నీళ్ళు లేవు, జొన్నా అనుమూ తప్ప వేయడు, మందు కొట్టి ఎరగడు. ఎందుకని కూడా అడగకుండా కొడవలి తీసుకుని ముందు నడిచాడట. సాయంత్రం ఎండకి అవి ఎగిరిపోతుంటే, పొద్దున మంచులో ఏరదామని ఆపి అన్నం పెట్టించాడట. తెల్లారకముందే అక్కాతమ్ముళ్ళు ఇద్దరూ చెరో సాలు పట్టి ఏరారట. పాత సంగతి ఆయనా ఎత్తలేదు, ఈమె కూడా ఎత్తలేదు. దారిలో ఆకలికి చస్తాయని పేను పట్టిన కొసల్ని పురుగులతో సహా కోసిందట. అనుము మీద పేను మళ్ళీ అలసందకే ఎక్కుతుందని, టమాటాకి పట్టే పేను వేరే రకమని తర్వాత ఫరా చెప్పింది. మా అత్తకి అది తెలియదు. పిల్లలకి దారిలో తిండి కావాలని మాత్రం తెలుసు.

"పెద్దయ్యి ఎగిరిపోతయ్యి. పిల్లలు యాడికీ పోలేవు. అందుకని పిల్లల్నే ఎక్కువ తెచ్చా" అంది నాతో. నేను అన్న మాట గురించి ఏమీ అనలేదు.

మా ఆయన ముందుకొచ్చి బుట్ట అందుకున్నాడు. కుడి చేత్తో ఒక కొసని ఎత్తి అలసంద మీద పెట్టబోతే చెయ్యి వణికింది. పురుగులు ఆకుల మీద చల్లినట్టు రాలాయి. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వే పట్టుకోరా. నేను పెడితే గుత్తిగా ఉంటన్నయ్యి. నువ్వయితే బాగా రాలతన్నయ్యి" అంది మా అత్త.

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. ఆమె నవ్వలేదు, నిజంగానే చెప్పింది. ముందు ఆయనకే నవ్వొచ్చింది. ఏడాది తర్వాత ఆ నవ్వు విన్నాను. ఎకరం చుట్టూ అలసంద వరసలన్నీ ఆయనే తిరిగి, ఆ వణికే చేత్తోనే చల్లాడు. దేవుడు మా మీద ఎందుకో దయ చూపిస్తున్నాడని నాకు అప్పుడే అనిపించింది. బయటికి మాత్రం, కింద పడ్డవి తొక్కకుండా నడవమని కసిరాను.

ఇంతలో దేవదాసు వచ్చాడు. తెల్లవారి మిరపకి డ్రోన్‌తో మందు కొట్టిస్తున్నానని, గేదెల్ని ఇటు తోలొద్దని చెప్పడానికి వచ్చాడు. ఆయన చేను మాకు పడమర. చలికాలం గాలి అటూ ఇటూ మారుతూనే ఉంటుంది. డ్రోన్ రెక్కల కింద లేచిన తుంపర మా అలసంద మీదికి వస్తే, వెల్దుర్తి నుంచి వచ్చినవాటికి తెల్లారదు. ప్రాణం కాపాడిన మనిషిని నీ చేనుకి మందు కొట్టుకోవద్దని ఏ మొహంతో అడగాలి.

మా అత్త ఏమీ అడగలేదు. విస్తరాకు ఒకటి తెమ్మంది. దాంట్లో నాలుగు అనుము కొసలు పెట్టి, పైన గుడ్డ కప్పి, రెండు చేతులతో దేవదాసుకి చాపింది.

"ఏందక్కా ఇది?"

"సారె. మా తమ్ముడి ఇంటి నించి తెచ్చా."

దేవదాసు గుడ్డ ఎత్తి చూశాడు. ఆయన చర్చికి పోయే మనిషే గానీ ఊళ్ళో ఏ ఇంటికి సారె వచ్చినా ఆయన ఇంటికి పంపకుండా ఎవరూ ఉండరు. పంచిన సారెని వద్దనడం, పారేయడం ఈ ఊళ్ళో ఏ కులంలోనూ లేదు. మా అత్త పదకొండేళ్ళు ఆ గడప ఎందుకు తొక్కలేదో, ఇప్పుడు ఎందుకు తొక్కిందో ఆయనకి తెలియకపోదు. విస్తరాకు అందుకున్నాడు. అది పట్టుకుని కాసేపు మిరప వైపు, కాసేపు మా అలసంద వైపు చూశాడు. తర్వాత గట్టు దాటి, మా వైపు మొదటి సాల్లో మిరప చెట్ల మీద ఆ కొసల్ని ఒక్కొక్కటిగా పెట్టాడు.

మర్నాడు డ్రోన్ వచ్చింది. మా వైపు పన్నెండు సాళ్ళు వదిలేసి, గాలి పడమరకి తిరిగిందాకా ఆగి, అవతలి సగం మాత్రం కొట్టించాడు. ఎందుకట్లా అని డ్రోన్ నడిపేవాడు అడిగితే, ఇటు మా అక్క సారె ఉందిలే అన్నాడట.

ఆ తర్వాత సంగతి చెప్పడానికి పెద్దగా లేదు. ముళ్ళ పురుగులు నాలుగు రోజుల్లో అలసంద కొసల మీది పేనుని నాకేశాయి. టమాటా మీదికి దిగాయి. కొన్ని సాళ్ళలో ఆకు ముడత పడనే పడింది, కొన్ని కాయలకి పుచ్చూ వచ్చింది. ఫరా చెప్పిన బొమ్మల్లోలాగా అంతా అందంగా ఏమీ లేదు. కాయలు ఎన్ని బాక్సులు దిగాయో మాత్రం చెప్పను, దిష్టి తగులుతుంది. ఆయన మాచర్ల పోలేదు, కొత్త నాజిల్ తేలేదు. తెచ్చిన మందు ఏం చేశాడని నేను అడగలేదు. ఒకరోజు కొట్లో తిరిగిచ్చేశానని ఆయనే అన్నాడు. ట్యాంకు మళ్ళీ మేకెక్కింది. సంక్రాంతి తర్వాత దాని మీద బూజు పట్టింది. మా ఇంట్లో బూజు దులపకుండా నేను వదిలేసింది ఆ ఒక్కదాన్నే.

మా అత్త రోజూ చేలోకి వెళ్ళేది. డబ్బా మాత్రం తీసుకెళ్ళేది కాదు. చేతులు వెనక్కి కట్టుకుని నడిచేది. పురుగు కనపడినప్పుడు వేళ్ళు కదిలేవి, మళ్ళీ గట్టిగా పట్టుకునేది. ఒకరోజు ఆమె వెనకే వెళ్ళి, ఆ రోజు అన్న మాటకి క్షమించు అత్తా అన్నాను. నువ్వు అనబట్టేగా పుట్టిల్లు చూశాను అంది. ఆ ఒక్క మాటతో ఇన్నేళ్ళ నా పెంకితనం కరిగిపోయింది. ఆమె కాళ్ళు మొక్కుదామని వంగితే, అలసంద తొక్కుతున్నావు చూసుకో అని కసిరింది.

శివరాత్రి వెళ్ళాక వీరయ్య వచ్చాడు. కోటప్పకొండ తిరునాళ్ళకి పోయి తిరిగి వెళ్తూ, అక్క తీసుకుపోయినవి ఏం చేశాయో చూసి పోదామని దిగాను అన్నాడు. చేతిలో ఇత్తడి గిన్నె, నిండా చలిమిడి. అసలు సారె అన్నమాట. చేనంతా తిరిగాడు. మా అత్త ఒక ఆకు తిప్పి ఎర్ర వీపుని చూపించి, ఇది నీ జొన్నచేలో పుట్టిందే అని చెప్పింది. దాన్ని ఆయన వంగి చాలాసేపు చూశాడు.

ఇంటికొచ్చి వసారాలో కూర్చున్నారు. నేను టీ పెట్టి, అలవాటు కొద్దీ గ్లాసులు పళ్ళెంలో పెట్టి తెచ్చాను. మా ఆయన లేచి, పళ్ళెంలోంచి ఒక గ్లాసు తీసి, మేనమామకి అందించాడు. అంచు దాకా నిండిన గ్లాసు. ఒక్క చేత్తో, కుడి చేత్తో ఇచ్చాడు. చుక్క తొణకలేదు.

వీరయ్యకి ఆ వణుకు సంగతి తెలియదు గాబట్టి తీసుకుని తాగాడు. మా ఆయన గమనించాడో లేదో నాకు తెలియదు. మా అత్త గమనించింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ట్యాంకు ఉన్న గోడ వైపు తిరిగింది.

నేను రెండో గ్లాసు తీసి ఆయన చేతికిచ్చి, అత్తకి ఇవ్వమన్నాను. ఆయన వెళ్ళి ఇచ్చాడు. మా అత్త దాన్ని రెండు చేతులతో అందుకుంది.